రాక్షసునికీ ఒక తల్లి ఉంటుంది



విద్యార్థి సంఘం వారు ఈ యేటి సావనీరుకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని కనుక అణుశక్తి గురించో, అంతరిక్షం గురించో రాస్తానని అనుకున్నారు. రాక్షసుల గురించి రాస్తానంటే నవ్వారు. "ఏం, బేతాళ కథలు మొదలు పెడుతున్నవా?" అన్నాడు హాస్టల్లో నా గది మిత్రుడు. నవ్వితే నవ్వనీ. నేను రాయదలచుకున్నది కాలక్షేపానికి కాదు. పదకొండేళ్ళ వయసులో మా ఊళ్ళో ఒక రాక్షసిని తయారు చేయడంలో నాకూ ఒక చెయ్యి ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు అసలు రాక్షసుల సంగతి.

మాది నారాయణఖేడ్ ప్రాంతంలోని కల్హేర్ మండలం. 2016 దాకా మెదక్ జిల్లా, అప్పటి నుండి సంగారెడ్డి జిల్లా. ఒక పక్క కర్ణాటక, ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. మా సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ కలిసి వినబడతాయి. మాకు కొంచెం నల్లరేగడి భూమి ఉంది. పత్తి, కంది వేస్తాం. వాన మంచిగా పడితే తింటాం, పడకపోతే అప్పు చేస్తాం. మిగతా రైతుల సంగతీ ఇంతే కనుక దానిని గురించి ఎక్కువ చెప్పను.

నాకు ఆరేడేళ్ళప్పుడు మా ఊళ్ళో చిందు బాగోతం ఆడారు. ప్రహ్లాదుని కథ. హిరణ్యకశిపుడు కట్టె కిరీటం పెట్టుకుని, భుజాలకు కట్టె భుజకీర్తులు కట్టుకుని, ముఖానికి పచ్చటి రంగు పూసుకుని, మద్దెల దరువుకు ఒక్క గెంతుతో ముందుకు వచ్చేసరికి నేను నాయినమ్మ కొంగులో దూరాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఆ మనిషే ముఖం కడుక్కుని, భుజాన సంచి వేసుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. నాయినమ్మ తవ్వెడు జొన్నలు పోసి, "రాత్రి మా పోరన్ని బాగ భయపెట్టినవ్ పో" అన్నది. ఆయన నన్ను చూసి కళ్ళెగరేసి నవ్వాడు.

రాత్రి రాక్షసుడు. పొద్దున ఆకలైన మనిషి. ఇది అప్పుడు నాకు వింతగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే మన పురాణాలన్నీ చెప్పేది దాదాపు ఇదేననిపిస్తున్నది.

కంచె చేను మేస్తే...

రాక్షసులు ఎక్కడి నుండి వచ్చారు? ఈ ప్రశ్న మనకు కొత్త గాని, రామాయణానికి కొత్త కాదు. ఉత్తరకాండలో రాముడే అగస్త్యుణ్ణి అడుగుతాడు. గెలిచిన తరువాత, పట్టాభిషేకం అయిన తరువాత, తాను చంపినవాళ్ళ పుట్టుక ఏమిటని అడుగుతాడు. గెలిచినవాడు ఓడినవాని వంశకథ కూర్చుని వినడం చిన్న సంగతా?

అగస్త్యుడు చెప్పిన కథ ఇది. బ్రహ్మ మొదట నీళ్ళను సృష్టించాడు. ఆ నీళ్ళకు కావలిగా కొన్ని ప్రాణులను పుట్టించాడు. పుట్టీ పుట్టగానే వాటికి ఆకలి, దప్పిక. "మేమేం చెయ్యాలె?" అని అడిగితే "కాపాడండి" అన్నాడు బ్రహ్మ. "రక్షిస్తాం" అన్నవాళ్ళు రాక్షసులయ్యారు. "పూజిస్తాం" అన్నవాళ్ళు యక్షులయ్యారు. అనగా రాక్షసుడనే మాటలో ఉన్నది రక్షణ. ఆ జాతి తొలి ఉద్యోగం నీటి కావలి!

రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ కథ చదివినప్పుడు నాకు మా ఊరి నీరడి గుర్తొచ్చాడు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్ళో చూసేవాడు నీరడి. ఊరి ప్రాణం అతని చేతిలో. చెరువు కట్ట మీద మైసమ్మ గుడి కూడా అందుకే. ఆమె కూడా నీటికి కావలే. ఉగ్రరూపమే గాని మాకు తల్లి. కావలి కాసేవాళ్ళకు బలం ఉండాలి, బలం ఉన్నవాళ్ళకు భయపడాలి. ఆ బలం కావలి మరిచి తిండి మీద పడితే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది: కంచే చేను మేస్తే కాపేం చేస్తాడు?

నా అభిప్రాయంలో రాక్షసుడంటే ఇదే. కొమ్ములు, కోరలు పై వేషం. కాపాడవలసినవాడు తినడం మొదలు పెడితే వాడు రాక్షసుడు. ఆకలితో పుట్టినవాళ్ళకు కావలి అప్పజెప్పి, వాళ్ళ ఆకలి సంగతి ఎవరూ చూడకపోవడం కూడా ఆ కథలోనే ఉంది. మన పెద్దలు దానిని దాచలేదు.

దాయాదుల తగాదా

ఇంకొక సంగతి గమనించండి. దేవతలకూ దైత్యులకూ తండ్రి ఒక్కడే, కశ్యపుడు. అదితి కొడుకులు దేవతలు, దితి కొడుకులు దైత్యులు. ఒకే ఇంటి బిడ్డలు. స్వర్గం ఎవరిది, అమృతం ఎవరి వాటా అన్నది వాళ్ళ తగాదా. మా ఊళ్ళో గట్టు తగాదాలు చూసినవాళ్ళకు ఇందులో తెలియనిది ఏమీ లేదు.

లంక కథ కూడా అంతే. విశ్వకర్మ కట్టిన ఆ లంకలో మొదట ఉన్నది మాల్యవంతుడు, సుమాలి, మాలి అనే రాక్షస సోదరులు. విష్ణువుతో యుద్ధంలో ఓడి వాళ్ళు పాతాళానికి పోయారు. ఖాళీగా ఉన్న లంకలో కుబేరుడు కాపురం పెట్టాడు. సుమాలి కూతురు కైకసి. ఆమె కొడుకు రావణుడు పెద్దవాడై "ఇది మా తాతలది" అని సవతి అన్న కుబేరుణ్ణి వెళ్ళగొట్టాడు. అనగా రామాయణంలో ముఖ్యమైన రాక్షసుని కథ కూడా ఒక భూమి తగాదాతోనే మొదలవుతుంది. ఆ రావణుడు పులస్త్య బ్రహ్మ మనుమడు, చదువుకున్నవాడు.

ఆ అన్నదమ్ముల తండ్రి సుకేశుడు. పుట్టగానే తల్లి వదిలేసి పోతే ఒంటరిగా ఏడుస్తున్నాడు. ఆకాశమార్గాన పోతున్న పార్వతీపరమేశ్వరులు ఆ ఏడుపు విని ఆగారు, జాలిపడి వరాలిచ్చారు. రాక్షసవంశం నిలబడింది ఒక దిక్కులేని పసివాని ఏడుపు మీద, ఒక తల్లి జాలి మీద. నరకాసురుడు భూదేవి కొడుకు. ఘటోత్కచుడు భీముని కొడుకు. వెతికితే ప్రతి రాక్షసునికీ ఒక తల్లి దొరుకుతుంది.

పేరు కూడా శాశ్వతం కాదు. ఋగ్వేదంలో వరుణుణ్ణి గౌరవంగా "అసురుడు" అనే పిలిచారు. తరువాతి కాలంలో ఆ మాట శత్రువుకు అంటుకుంది. పక్కనే ఇరాన్ దేశంలో దీనికి తలకిందులైంది. పారశీకుల అవెస్తాలో అహుర మజ్దా పరమ దైవం, దఏవలు దుష్టశక్తులు. ఒకే మూలం నుండి వచ్చిన రెండు మాటలు, నదికి ఈ ఒడ్డున దేవుడు, ఆ ఒడ్డున దయ్యం. ఎవరు ఎవరిని ఏమని పిలిచారన్నది చాలాసార్లు ఎవరు ఏ ఒడ్డున ఉన్నారన్న దానిని బట్టి ఉంటుంది. సరిహద్దున పుట్టినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

అడిగి తెలుసుకునే కథలు

భాగవతంలో జయవిజయుల కథ మీకు తెలిసిందే. వైకుంఠ ద్వారపాలకులు సనకాది మునులను అడ్డుకుని శాపం పాలయ్యారు. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అంటే, త్వరగా ఇల్లు చేరవచ్చని శత్రుత్వాన్నే కోరుకున్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు, ఆరుగురూ ఆ ఇద్దరే! ఇక్కడా కావలివాళ్ళే రాక్షసులయ్యారు. మరి బలి చక్రవర్తి కథలో? దానమిచ్చి సుతలానికి పోయిన ఆ రాక్షసరాజు వాకిట విష్ణువే కావలిగా నిలబడ్డాడు. ద్వారపాలకుడు రాక్షసుడు కావచ్చు, దేవుడే రాక్షసుని ఇంటికి ద్వారపాలకుడు కావచ్చు. గీత ఎంత పలుచనో చూడండి.

నాకు అన్నిటికంటె నచ్చింది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని మాలదాసరి కథ. ఊరి బయటి మనిషి మాలదాసరి. వేకువన దేవునికి పాట పాడటానికి పోతూ దారి తప్పి బ్రహ్మరాక్షసుని చేతిలో పడ్డాడు. "పాడి తిరిగి వస్తాను, అప్పుడు తిను" అని మాట ఇచ్చాడు. పోయి, పాడి, నిజంగానే తిరిగి వచ్చాడు. ఆ రాక్షసుడు కదిలిపోయి తన కథ చెప్పుకున్నాడు: పూర్వజన్మలో తాను సోమశర్మ అనే పండితుణ్ణని, యాగంలో జరిగిన తప్పు వల్ల ఈ రూపం వచ్చిందని. దాసరి తన పాట ఫలం ఇచ్చి అతణ్ణి విడిపించాడు. లోకం అంటరానివాడన్న మనిషి మాట నిలుపుకున్నాడు. లోకం పండితుడన్నవాడు మనుషులను తిన్నాడు. 500 ఏళ్ళ కింద ఒక చక్రవర్తి రాసిన కావ్యమిది!

ఈ కథలన్నిటిలో ఒక అలవాటు ఉంది. రాక్షసుణ్ణి చూడగానే ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరు నువ్వు? ఎవరి బిడ్డవు? ఎందుకు ఇట్లా అయినవు? అతడు చెబుతాడు. చంపవలసి వచ్చినా కథ విన్న తరువాతే. ఈ అడగడాన్ని దయచేసి గుర్తు పెట్టుకోండి. దీనితో నాకు పని ఉంది.

మన సినిమావాళ్ళు కూడా ఈ గుట్టు పట్టుకున్నారు. 1951 నాటి "పాతాళభైరవి"లో నేపాళ మాంత్రికునిగా పిల్లలను హడలగొట్టిన ఎస్.వి. రంగారావుగారే, 1957 నాటి "మాయాబజార్"లో ఘటోత్కచునిగా వచ్చి ఇంటిల్లిపాదికీ చుట్టమైపోయారు. చందమామ చదివి పెరిగిన మన ముందు తరం వాళ్ళకు రాక్షసుడంటే భయం కంటె ముచ్చటే ఎక్కువ.

పాశ్చాత్య దేశాల్లో కూడా ఈ చిక్కు ఉంది. టోల్కీన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు 1954, 1955 సంవత్సరాల్లో "ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్" అచ్చు వేశారు. అందులో ఓర్క్‌లనే రాక్షసమూక ఉంటుంది. వేలకు వేలు వస్తారు, వేలకు వేలు చస్తారు. చదివేవాళ్ళకు కనికరం పుట్టదు. మరి వీళ్ళు ఎక్కడి నుండి వచ్చారు? దుష్టశక్తి కొత్తగా ప్రాణం పోయలేదు, ఉన్నదానిని చెడగొట్టగలదు, అంతే, అన్నది ఆయన నమ్మకం. ఆయన చనిపోయాక 1977లో వచ్చిన "ది సిల్మరిలియన్"లో ఓర్క్‌లు మొదట ఎల్ఫ్‌లనే మంచి జాతివారేనని, చెరబట్టి హింసించి వాళ్ళను అట్లా మార్చారని ఉంది. అయినా ఆయనకు తృప్తి లేదు, చివరి ఏళ్ళలో ఈ పుట్టుక గురించి మళ్ళీ మళ్ళీ రాసుకున్నారు. ఎందుకు? పుట్టుకతోనే చెడ్డ జాతి ఒకటి ఉందని ఒప్పుకుంటే, దానిని దయ లేకుండా చంపవచ్చని కూడా ఒప్పుకున్నట్టే. ఆ పెద్దమనిషి మనసు దానికి ఒప్పలేదని నాకు తోస్తుంది.

మా ఊరి సంగతి

ఇక చెబుతానన్న సంగతి.

ఒకప్పుడు మెదక్ జిల్లా అంటే పట్నంవాళ్ళకు బాణామతి గుర్తొచ్చేది. మరాఠీ వాళ్ళు, కన్నడం వాళ్ళు దానినే భానామతి అంటారు. మూడు భాషలకూ భయం ఒకటే. ఒకరి ఒంటి మీద మచ్చలు లేస్తాయి, ఇంకొకరి ఇంటి మీద రాళ్ళు పడతాయి, దండెం మీద బట్టలు అంటుకుంటాయి. "ఎవలో చేసిండ్రు" అంటారు. ఆ "ఎవలో" అన్న మాటకు సాయంత్రానికల్లా ఒక పేరు దొరుకుతుంది. మంత్రం చదవకుండా ఉండాలని పళ్ళు ఊడగొట్టిన ఘోరాలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి.

నేను ఆరో తరగతిలో ఉండగా వానాకాలంలో మా బర్రెలు రెండు ఒక్క రోజు తేడాలో చచ్చిపోయాయి. సాయంత్రం మంచిగా మేసి వచ్చిన బర్రె, తెల్లారేసరికి గొంతు ఉబ్బి, గురక పెడుతూ, నాలుక బయట పెట్టి పడిపోయింది. అప్పు చేసి కొన్న పాడి. నాయిన కొట్టం ముందర తల పట్టుకుని కూర్చున్నాడు. "ఎవలో గొంతు పిసికినట్టు లేదా?" అన్నారు చూడవచ్చిన వాళ్ళు.

నాయినమ్మ నన్ను దగ్గరకు పిలిచి అడిగింది: "పొద్దుగాల మన కొట్టం కాడ ఎవలన్న కనవడ్డరా బిడ్డా?"

"ఆ, అవ్వ కనవడ్డది. కొట్టంల వంగి ఉండె," అన్నాను.

అవ్వ అంటే మా గల్లీలో చివరింటి ముసలామె. పేరు రాయను. భర్త పోయాడు, కొడుకులు లేరు, ఒక్క బిడ్డను బీదర్ పక్క ఇచ్చింది. ఇరవై గుంటల భూమి ఉండేది. నేను ఆమె చేతి జొన్నరొట్టె ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. నేను అబద్ధం చెప్పలేదు మిత్రులారా. చూసిందే చెప్పాను. ఆమె నిజంగానే మా కొట్టంలో వంగి ఉంది. ఆ మాట నా నోటి నుండి వెలువడి, గల్లీ దాటి, చావడి చేరేసరికి "పోరడు కండ్లార చూసిండట" అయింది. పోయిన యేడు ఎవరి బిడ్డకో వచ్చిన ఫిట్సు, అంతకు ముందు ఎవరి ఇంట్లోనో జరిగిన చావు, అన్నీ ఆమె పేరున చేరాయి. ఆ రాత్రి ఆమెను చావడికి పిలిపించారు. నేను నిద్రపోయినట్టు పడుకుని గోల విన్నాను. ఎవరూ చేయి చేసుకోలేదని తరువాత నాయిన అన్నాడు. అన్నాడు గాని నా ముఖం చూసి అనలేదు.

మూడో రోజు ఆమె ఒక మూట పట్టుకుని బస్సెక్కింది. తిరిగి రాలేదు. ఆమె ఇరవై గుంటలను ఏడాది తిరిగేసరికి ఎవరు దున్నుకుంటున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. మేమూ మాట్లాడలేదు.

కంచె చేను మేసింది. ఇప్పుడు చెప్పండి, మా ఊళ్ళో రాక్షసులెవరు?

పసుపు, సున్నం

కాలేజీకి వచ్చిన మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో సూచికల గురించి చెప్పారు. క్షారం తగిలితే పసుపులోని కర్కుమిన్ ఎర్రబడుతుందని పరీక్షనాళికలో చూపించారు. నా ఒళ్ళు జలదరించింది. అది మా నాయినమ్మ దిష్టి నీళ్ళు! పళ్ళెంలో పసుపునీళ్ళు, అందులో చిటికెడు సున్నం. నీళ్ళు రక్తంలా ఎర్రబడితే "చూడు, ఎంత దిష్టి ఉందో" అనేది. దిష్టి ఉన్నా లేకున్నా ఆ నీళ్ళు ఎర్రబడతాయి. గాలిలో 30 డిగ్రీల వేడికే తెల్ల భాస్వరం తానై అంటుకుంటుందని, పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి మంట లేస్తుందని కూడా ఇక్కడే తెలిసింది. దండెం మీద బట్టలు కాలడానికి మంత్రం అక్కర లేదు, మనిషి చాలు. నిద్రలో గుండె మీద ఎవరో కూర్చున్నట్టు, కాలూ చెయ్యీ కదలనట్టు అనిపించడం కూడా దయ్యం కాదు. కలలు వచ్చే నిద్రలో శరీరం కండరాలను కదలకుండా వదులుగా ఉంచుతుంది. అవి మళ్ళీ పట్టులోకి రాకముందే మెలకువ వస్తే అట్లా ఉంటుంది.

మా బర్రెలు ఎందుకు చచ్చాయో కూడా తెలిసింది. దానిని గొంతువాపు అంటారు, గురకవ్యాధి అని కూడా అంటారు. పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. వానాకాలంలో ఎక్కువ. ఆవుల కంటె బర్రెలను తొందరగా పట్టుకుంటుంది. తీవ్రమైన జ్వరం, గొంతు కింద వాపు, గురక, ఒకటి రెండు రోజుల్లో చావు. తొలకరికి ముందు టీకా వేయిస్తే చాలావరకు తప్పుతుంది. పుస్తకంలో ఆ పేరా చదివి మూసేశాను. ఆ రోజు అన్నం తినలేదు.

అయితే ఒక మాట. సైన్సు చదివితే మూఢనమ్మకం పోతుందని మన ఉపన్యాసాల్లో చెబుతుంటారు. నాకు అంత సులభంగా తోచడం లేదు. మా ఊరివాళ్ళు తప్పు చూడలేదు. నేను చూసింది నిజం. బర్రెలు చచ్చింది నిజం. ఆ రెంటికీ మధ్య ముడి వేసింది భయం. ఆ ముడిని గట్టిగా బిగించింది ఎవరి ఆశో. పరిశీలన ఒకటి, నిర్ధారణ ఒకటి అని మనకు ల్యాబులో చెబుతారు. రెంటికీ మధ్య ఒక ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్న మా ఊళ్ళో ఎవరూ వేయలేదు.

ఎవరూ అడగలేదు

పోయిన సెలవుల్లో నేను అవ్వను వెతుక్కుంటూ పోయాను. బీదర్ పక్క ఒక చిన్న ఊరు. బిడ్డ ఇంట్లో వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతున్నది. చూపు తగ్గింది. పేరు చెబితే కొంచెంసేపు ఊరుకుని, "మీ నాయిన మంచిగున్నడా?" అన్నది. తరువాత "బర్రెలెన్నున్నయి ఇప్పుడు?" అన్నది. "ఒక్కటే ఉంది అవ్వా" అన్నాను. బిడ్డ చాయ తెచ్చి ఇచ్చి, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది.

చెప్పాలని దారిలో అనుకున్న మాటలేవీ నోట రాలేదు. "అవ్వా, ఆ రోజు నేను..." అని ఆగిపోయాను.

"నువ్వు చూసిందే చెప్పినవ్," అన్నది. చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన వేసింది. "పెండకొచ్చిన. పిడకలు చేసుకుందామని. మీ నాయినమ్మకు ఎరికే నేను రోజు వస్తనని. ఎందుకొచ్చినవే అని ఒక్కలన్న అడిగిండ్రా? అడిగితే చెప్తుంటి కద."

నన్ను క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. ఇంకొకసారి పప్పు చెరిగింది.

మిత్రులారా, బ్రహ్మరాక్షసుణ్ణి కూడా నీ కథ ఏమిటని అడిగిన భాష మనది. చంపినవాని పుట్టుక ఏమిటని రాముడు అడిగాడని చెప్పుకున్న జాతి మనది. అటువంటి మనం, రోజూ రొట్టె పెట్టిన ముసలామెను "ఎందుకు వచ్చినవు?" అని ఒక్క ముక్క అడగలేకపోయాం. పురాణంలో రాక్షసునికి ఇచ్చిన మర్యాద మా గల్లీలో మనిషికి ఇవ్వలేదు.

పురాణాలు చదివే ఇవన్నీ వచ్చాయి, వాటిని తగలబెట్టాలని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పురాణాలను ఎదురు ప్రశ్నించిన పెద్దలు మనకు ఉన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 1920లోనే "శంబుకవధ" రాశారు. ఆ ప్రశ్నలు అవసరమే. కానీ నా మట్టుకు నాకు పురాణంలోని రాక్షసుడు ప్రమాదకరంగా కనబడడు. కథలోని రాక్షసుడు కథ ముగిసేసరికి ముఖం కడుక్కుంటాడు, తెల్లారి జొన్నలకు వస్తాడు. కథలోంచి రాక్షసుణ్ణి పీకి, అతని తల్లినీ తండ్రినీ ఆకలినీ అన్నీ తీసేసి, ఒట్టి కోరలు మాత్రం తెచ్చి పక్కింటి మనిషికి తగిలిస్తే, ఆ వేషం ఇంక ఊడదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. పురాణం చదవడం వల్ల కాదు, సగం చదవడం వల్ల వచ్చిన కీడు ఇది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. దేశంలో జరిగే హత్యలకు కారణాలు చెప్పే ప్రభుత్వ పట్టికలో చేతబడికి వేరే ఒక గడి ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి పుస్తకంలో చూడవచ్చు. బీహార్ 1999లోనే దీని మీద చట్టం చేసింది. మా సరిహద్దుకు అవతల ఉన్న రెండు రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో డాక్టర్ నరేంద్ర దభోల్కర్ ఏళ్ళ తరబడి అడిగి అడిగి, 2013 ఆగస్టు 20న పుణేలో తుపాకి గుండ్లకు బలైన తరువాత గాని ఆ చట్టం రాలేదు. కర్ణాటక 2017లో చేసింది. అటువంటిది మనకూ కావాలని హేతువాదులు అడుగుతూ వచ్చారు. నేనూ అడుగుతున్నాను. అయితే చట్టం దెబ్బ పడిన తరువాత వస్తుంది. దెబ్బకు ముందు రావలసింది ప్రశ్న. దానికి అసెంబ్లీ అక్కర లేదు.

పల్లెల నుండి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. దసరాకో సంక్రాంతికో ఇంటికి పోతాం. ఈసారి పోయినప్పుడు అరుగు మీద ఎవరైనా "ఫలానా ఆమె చేసిందట" అంటే, డిగ్రీ చదివే పిల్లలమని ఉపన్యాసం ఇవ్వకండి, ఎవరూ వినరు. నవ్వి ఊరుకోకండి, అది ఇంకా తప్పు. ఊరికే అడగండి. ఎవరు చూశారు? ఏం చూశారు? ఆమెను అడిగిండ్రా? పశువుల డాక్టరును పిలిచిండ్రా? ఆమె భూమి ఎవరి గట్టు పక్కన ఉంది? ఈ అయిదు ప్రశ్నలకు తట్టుకునే రాక్షసి మన ఊళ్ళలో లేదని నా నమ్మకం.

నాయినమ్మ ఇప్పుడు లేదు. ఆమెను అడిగే అవకాశం పోయింది. నాయిన ఉన్నాడు. ఆ రాత్రి చావడిలో ఏమన్నాడో, ఏమీ అనకుండా ఉన్నాడో, నేను ఇంతవరకు అడగలేదు. ఈ సావనీరు అచ్చయినాక ఒక ప్రతి ఇంటికి తీసుకుపోతాను. నాయినకు చదువు తక్కువ, నేనే చదివి వినిపించాలి. ఈ వ్యాసం దగ్గరకు వచ్చినప్పుడు గొంతు ఎట్లా పెగులుతుందో నాకింకా తెలియదు. కానీ చదువుతాను. చదివి, అడుగుతాను.

— బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి, కల్హేర్